యాడికి నాయనా?

దయ్యాలంటే నవ్వే మనిషిని నేను. గుడియాత్తంలో మా లుంగీల అంగడి వెనకింట్లో దయ్యముండాదని ఎవురూ బాడుగకు రాకపోతే, సరుకు పెట్టుకోడానికి నేనే అడిగి తీసుకున్నా. చదివింది అరవ బడిలో, తెలుగు మాట్లాడతా గానీ రాసేది రాదు. నేను చెప్తా ఉంటే చిత్తూరు నుంచి వచ్చిన మా కోడలు రాస్తా ఉండాది. ఒక్క మాట కూడా సొంతంగా కలపొద్దని చెప్పినా.

ముందు మా అత్త సంగతి చెప్పాల. బయటికి పోయేవాళ్ళను యాడికని అడక్కూడదు గదా. అడిగితే మళ్ళా వచ్చి కూర్చోని, నీళ్ళు తాగి పోవాల. ఆయమ్మకు అది తెలుసు. అయినా మా ఆయన గడప దాటేటప్పుడు నోరు ఊరుకునేది కాదు. "యాడికి నాయనా?" అని సాగదీసి అడిగేది. ఈయన గొణుక్కుంటా వచ్చి కూర్చునేవాడు, నేను చెంబుతో నీళ్ళిచ్చేదాన్ని. నేను కాపరానికి వచ్చిన కాడినుంచి ఇదే కత.

రెండేండ్ల కింద ఆయమ్మ మంచంలో ఉన్నప్పుడు ఒక పొద్దున అట్లే అడిగింది. ఆంబూరు నుంచి బేరగాళ్ళు వచ్చి కాచుకోనుండారని, ఈయన "అంగడికి గాక ఇంక యాడికి?" అని కసిరి, కూర్చోకుండానే పోయినాడు. మధ్యాన్నానికి ఆయమ్మ కన్ను మూసింది. అప్పటినుంచి ఈయన రోజూ గడప దగ్గిర కాసేపు నిలబడి పోయేవాడు. నేనూ ఎందుకని అడిగేదాన్ని కాదు.

పెండ్లయి ముప్పై ఏండ్లయిందని కొడుకూ కోడలూ మమ్మల్ని నాలుగు దినాలు ఇటలీకి పంపినారు. ఫ్లోరెన్స్ అనే ఊరు. పక్కనే ఉండే వేలూరు కోటకు కూడా ఇద్దరమే ఎప్పుడూ పోయినోళ్ళం కాదు. ఆడ మాత్రం చేతులు పట్టుకొని తిరిగినాము, సిగ్గు కూడా పడలేదు. హోటల్లో పాస్తా పెడితే ఈయన దాని మీద నా పప్పులపొడి చల్లుకొని, మనం బియ్యప్పిండితో వత్తే ఇడియాప్పం మాదిరే ఉండాదని ఇంకో ప్లేటు చెప్పినాడు. అత్త పోయినాక ఆయన అట్లా నవ్వింది ఆ దినమే.

మూడో దినం పొద్దున గంటల గోపురం ఎక్కేదానికి పోయినాము. ఒక మనిషి మాత్రం పట్టే ఇరుకు మెట్లు, లిఫ్టు లేదు. లోపల కాలు పెట్టబోతా ఉంటే వెనకనుంచి వినబడింది.

"యాడికి నాయనా?"

అదే సాగదీత. తిరిగి చూసినా. వరసలో అందరూ తెల్లోళ్ళే, మనోళ్ళు ఒక్కరూ లేరు. పక్కనుండే రాతి అరుగు మీద కూర్చుండిపోయినా, ఎందుకో ఈయనకు చెప్పలేదు. ఈయనా ఏమీ అడక్కుండా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. సంచిలోనుంచి సీసా తీసి ఇస్తే నీళ్ళు తాగినాడు. అంతలో మా వంతు దాటిపోయింది.

పది నిమిషాలు కాలేదు, ఈయన చొక్కా చెమటకు తడిసిపోయింది. ఎడమ చెయ్యి లాగతా ఉండాది అన్నాడు. గోపురం కావలాయన పరిగెత్తి అంబులెన్సును పిలిపించినాడు. గుండె నరం మూసుకుపోయిందని ఆస్పత్రిలో స్టెంటు పెట్టినారు. ఆ నొప్పి మెట్ల మధ్యలో వచ్చుంటే కిందికి దించేది చానా కష్టమయ్యేదని డాక్టరమ్మ చెప్పింది.

సాయంత్రం ఈయన నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పటిదాకా ఆ గొంతు సంగతి నేను నోరెత్తి చెప్పనే లేదు.

"అమ్మ అడిగింది. నీకూ వినబడిందా?" అన్నాడు.

తల ఊపినా.

"అయితే అమ్మకు నా మీద కోపం లేదే" అని చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినాడు. నేనూ ఏడ్చినా.

"మీ ఇద్దరికీ అవ్వ మీద బెంగ, అందుకే అట్లా వినిపించింది" అంటాది కోడలు. ఒకరికైతే ఒప్పుకుంటా. ఒకే గడియలో ఇద్దరికీ ఎట్లా వినిపిస్తాది? దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ గొంతు యాడనుంచి వచ్చిందో మాత్రం నాకు తెలీదు.

ఇప్పుడు ఈయన అంగడికి పోయేటప్పుడు గడప దగ్గిర నిలబడి నా వైపు చూస్తాడు. "యాడికి?" అంటాను. నవ్వుకుంటా వచ్చి కూర్చుంటాడు. నీళ్ళిస్తా.