ఫిలిం ఇచ్చారు, దవడ ఇవ్వలేదు: విశాఖలో ఒక రోజు

మా అక్క భర్త, మా బావ, సముద్రం మీద వేటకెళ్లే మనిషి. పడవలో తాడు తెగి కొట్టిన దెబ్బకి ఎడమ దవడ ఎముక నుజ్జయింది. పళ్లు తీగలతో కట్టేశారు, నెల పైగా గంజే తిండి. విశాఖ డాక్టరుగారు శుక్రవారం ఆపరేషన్ పెట్టి, ఈలోగా గోపాలపట్నంలో త్రీడీ ప్రింటర్ మీద దవడ నమూనా చేయించి తెమ్మన్నారు. దాని మీద, ఎముకని పట్టి ఉంచే లోహపు ప్లేటు ముందే వంచి పెట్టుకుంటే మొహం వంకరపోదట. అందుకే ఈ ప్రయాణం.

తెల్లవారుజామున నేనూ బావా శ్రీకాకుళంలో బస్సెక్కి, తొమ్మిదిన్నరకి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండులో దిగాం. సింహాచలం వెళ్లే సిటీ బస్సెక్కితే గోపాలపట్నంలో దిగొచ్చు, ఆటో అక్కర్లేదు. అక్కడ మేం తెచ్చిన స్కాన్ ఫిలిం చూసి ప్రింటర్ దగ్గరి అమ్మాయి తల పట్టుకుంది. "ఇది ఉత్త ఫొటో అండి. దీంతో మేం ఏటీ సెయ్యలేం. స్కాన్ డేటా ఉన్న సిడీ కావాల."

అంతకుముందు స్కాన్ తీయించింది పూర్ణా మార్కెట్ దగ్గర. అక్కడికి ఆటోకి మూడొందలు. దారిలో డ్రైవరు, "దవడకి అచ్చు తీత్తారా? నిజవేనేటి బాబూ?" అని నోరు తెరిచాడు. స్కాన్ సెంటర్ కౌంటర్లో అతను మాత్రం తలెత్తలేదు.

"ఫిలిం ఇచ్చేసినాం కదా, ఇంకేటి?"

"డేటా సిడీ కావాలండి."

"వారం దాటితే మెషిన్లో ఉంచం. అప్పుడే అడగాల."

"అడగాలని మాకు చెప్పారా?"

"మీరు అడిగారా?"

ఒళ్లు మండిపోయింది. ఇదెక్కడి న్యాయమండీ! కేకేస్తే ఒడ్డంతా వినబడే మా బావ, నోరు కట్టేసుకుని నా చొక్కా పట్టి లాగుతున్నాడు. ఇద్దరి తిట్లూ నేనే తిట్టాను. ఏం లాభం? మళ్లీ స్కాన్, మళ్లీ డబ్బు. సిడీ చేతికొచ్చేసరికి సాయంత్రమైంది. అచ్చు తీయడానికి రోజులు పడతాయి కాబట్టి నమూనా శుక్రవారానికి అందదని తేలిపోయింది, డాక్టరుగారు ఆపరేషన్ వచ్చే వారానికి జరిపారు. బావ పళ్ల సందులోంచే అడిగాడు, "ఇంకో వారం గంజేనేట్రా?"

మనిషి దవడని ఉన్నదున్నట్టు అచ్చు తీసే యంత్రం మన విశాఖకొచ్చింది, సంతోషం. దానికి కావలసింది ఒక్క సిడీ. అది ఇవ్వాలన్న ఇంగితం లేక ఒక మనిషిని ఇంకో వారం గంజి మీదే ఉంచారు. ఈ పని మీద వెళ్లేవాళ్లకి ఒక్క మాట: ఫిలిం ఇచ్చారు కదా అని బయటికి రాకండి. సన్నని పొరలుగా తీసిన స్కాన్ డేటా ఉన్న సిడీ చేతిలో పెట్టేదాకా కౌంటర్ వదలకండి. గొడవైతే కానివ్వండి. వంకరపోయేది మీ మొహమే.