విత్తనం మూటలో గుప్పెడు

నా చిన్నప్పుడు, కరువు ముదిరిన ఒక ఏడాది, నా నెత్తిమీద తామర లేచింది. రూపాయి బిళ్లంత మేర జుట్టు రాలిపోయి పొలుసులు కట్టింది. బడిలో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. తలకు గుడ్డ కట్టుకుని, ఇక ఈ జన్మకింతే కాబోలని ఏడ్చేదాన్ని.

మా పక్క ఊరు యాడికిలో డాక్టరు ఫంగస్ మాత్రలు రాశాడు. రెండు నెలలు మానకూడదనీ, పాలో నెయ్యో జిడ్డున్న తిండితో వేసుకుంటేనే ఒంటికి పడతాయనీ చెప్పాడు. బర్రెను అప్పటికే అమ్మేశాం. దేవుడి దీపానికే నూనె గగనం. ఉన్నదల్లా అటకమీద విత్తనం వేరుశెనగ కాయల మూట. దాని ముడి విప్పితే చేతులిరుస్తానని నాయన ముందే చెప్పాడు.

మా అవ్వ విప్పింది. నాయన చేనికి పోగానే గుప్పెడు కాయలు ఒలిచి నాకు తినిపించి, మాత్ర మింగించేది. పొట్టు పొయ్యిలో వేసేది. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది. వాకిట్లో చెప్పుల చప్పుడైతే నమలడం ఆపి బుగ్గన దాచుకునేదాన్ని. భయంతో తింటే రుచేముంటుంది!

విత్తే రోజులొచ్చాయి. పక్కింటి అక్కను సాయం పిలిచి కాయలన్నీ ఒలిపించి నాయన కొలిచాడు. తగ్గాయి. మళ్లీ కొలిచాడు. ఆయన చూపు అక్క మీదికి పోయింది.

"ఏమ్మా, ఒళ్లో ఏమన్నా కట్టుకున్న్యావా?"

"దేవుని తోడు, ఒక్క గింజ ముట్టలేదన్నా!" అక్క బావురుమంది.

అవ్వ వైపు చూశాను. తల దించుకుని పొట్టు చేటలోకి ఎత్తుతోంది. నాకు అవ్వ మీద పట్టరాని కోపం వచ్చింది. ఒట్టూ లేదు, గట్టూ లేదు, తలగుడ్డ లాగేసి "తిన్నింది నేను నాయనా!" అని అరిచాను.

అప్పుడు అవ్వ అడ్డం వచ్చింది. "పెట్టింది నేను, నన్ను కొట్టు. జిడ్డు పెట్టమన్న్యాడు డాక్టరు. కొంపలో ఇంకేముండాది రా?"

లేచిన నాయన చెయ్యి, మచ్చ ఉన్నచోట మొలిచిన అంగుళం జుట్టు చూసి ఆగింది. వేళ్లతో తడిమాడు. అక్క వైపు తిరిగి "తప్పయిపాయ తల్లీ" అన్నాడు. అవ్వతో మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ ఏడు మా చేని చివర రెండు సాళ్లు బోసిగా ఉండిపోయాయి. ఎందుకని ఎవరో అడిగితే నాయన, "ఆ రెండు సాళ్లు మా పాప నెత్తిన మొలిచినాయిలేప్పా" అన్నాడు.

ఇప్పుడు నేను ఆసుపత్రిలో నర్సును. "ఇంట్లో తినేకి ఏముండాది?" అని అడగనిదే ఎవరి చేతిలోనూ మాత్ర పెట్టను.