అతుకు చప్పుడు

నున్నయ్య అసలు పేరేమిటో వీధిలో ఎవరూ పట్టించుకోలేదు. అతని లేత్ మీంచి దిగిన కర్ర మీద చీమ కూడా కాలు జారి పడుతుందని ఎవరో అన్నారట. అంతే, ఆ రోజు నుంచి నున్నయ్య. కోపం వచ్చినప్పుడు పెళ్ళాం కూడా "ఓ నున్నయ్య గారూ!" అనే పిలిచేది. పైకి "చాల్లే, ఊరుకో" అనేవాడు కానీ, ఆ పేరంటే మనిషికి ప్రాణం. అది తప్ప వేరే ఆస్తి ఏముంది గనక!

ఇంటి ముందు గదే పని గది. పైన రేకులు, వీధి వైపు ఒక కిటికీ, ఎటు చూసినా చెక్క పొట్టు. మధ్యలో తండ్రి నాటి లేత్, కర్రని గిరగిరా తిప్పుతుంటే ఉలి ఆనించి చెక్కే మిషను. చెక్క దిమ్మల మీద ఇనప తల, గోడకి మోటారు, ఆ రెండింటినీ కలుపుతూ తోలు బెల్టు. బెల్టు కొసలు రెండూ తోలు దారంతో కుట్టి ఉండేవి. ఆ అతుకు చక్రం మీదికి వచ్చినప్పుడల్లా 'టక్'మనేది, లేత్ మొత్తం ఒక్క క్షణం ఉలిక్కిపడేది. మీసాలు రాని వయసులో ఆ చప్పుడు పక్కన నిలబడ్డవాడు, మీసాలు తెల్లబడ్డాక కూడా అక్కడే నిలబడి ఉన్నాడు. టక్కుమన్నప్పుడల్లా అతని కుడి భుజం కొంచెం పైకి లేచేది. కొత్తగా వచ్చినవాళ్ళు అది చూసి, పాపం ఎక్కిళ్ళు కాబోలనుకుని మంచినీళ్ళు తాగమనేవారు.

పెళ్ళాం కిటికీ కింద పీట మీద కూర్చుని, దిగిన కర్రనల్లా గరుకు కాగితంతో రుద్దేది. పిల్లలు లేరు వాళ్ళకి. కబుర్లు, తగువులు, అలకలు అన్నీ ఆ టక్ టక్‌ల మధ్యే జరిగిపోయాయి. ఈమధ్య ఆమె రెండు కళ్ళకీ పొర కమ్మింది. కర్ర మీద గీత ఉందో లేదో కంటితో కాక బొటనవేలితో చూసుకుంటోంది. ఆలస్యం చెయ్యకుండా ఆపరేషన్ చేయించుకోమన్నాడు డాక్టరు. దానికోసం మొగుడూ పెళ్ళాం నోరు కట్టుకుని కొంత డబ్బు వెనకేశారు.

అదిగో, ఆ డబ్బు మీద పడింది నున్నయ్య చూపు. దుర్మార్గుడని తిట్టుకోకండి. అతని కష్టం కూడా వినాలి కదా!

అతను చేసేవి మంచం కోళ్ళు, ఉలి పిడులు, అలాంటి పొట్టి సామాను. అందరూ ఇనప మంచాలు కొనుక్కుంటుంటే ఇక కోళ్ళు ఎవడికి కావాలి? అలా ఈగలు తోలుకుంటున్న రోజుల్లో ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు ఒకాయన వచ్చాడు. మెట్ల రెయిలింగుకి నిలువు కర్రలు కావాలన్నాడు. ఒక్కోటీ నడుం దాకా ఉండే పొడుగు కర్ర. ఆ పాత లేత్ మీద అంత కర్ర ఎక్కిస్తే నడుమ తాడులా ఊగిపోయింది. కాంట్రాక్టరు పెదవి విరిచాడు.

"మంచి మిషను తెచ్చుకో నున్నయ్యా. ఇప్పుడు కడుతున్న ఇంటి మెట్లన్నీ నీకే ఇస్తా. పని బాగుంటే ఇక నేను కట్టే ప్రతి ఇంటికీ నువ్వే."

ఆయన అలా వెళ్ళాడో లేదో, నున్నయ్య పెళ్ళాం పక్కన చతికిలబడ్డాడు. ఎలా మొదలుపెట్టాలో తెలీక చెక్క పొట్టు గుప్పిట్లో పట్టి నలిపాడు.

"ఈ ఒక్క ఇల్లూ అయిందంటే నీ కంటి డబ్బు మొత్తం తిరిగొచ్చేస్తుందే. ఇంకా మంచి ఆస్పత్రిలో చేయిస్తా."

"ఇప్పుడు నిన్ను ఎవరడిగారయ్యా?" అంది ఆమె. "పొర ఎక్కడికి పోతుంది, నాతోనే ఉంటుంది. నీకంటే అదే నయం, అలిగి వీధిలోకి పోదు."

అని తనే నవ్వింది.

ఊరి చివర కుర్చీల ఫ్యాక్టరీ ఒకటి మూతపడి, సామాను అమ్మేస్తున్నారని బామ్మర్ది కబురు తెచ్చాడు. అతనికి ట్రాలీ ఆటో ఉంది, నోరు కూడా ఉంది. ఇద్దరూ వెళ్ళారు. చీకటి షెడ్డులో, గోనెసంచుల కింద పొడుగాటి లేత్. ఒళ్ళంతా ఇనుమే. మోటారు కిందే బిగించి ఉంది, వెడల్పాటి రబ్బరు బెల్టు, దానికి అతుకన్నదే లేదు.

లేత్ కొనేవాళ్ళు చేసే పరీక్ష ఒకటుంది. నిండు గ్లాసు నీళ్ళు దాని మీద పెట్టి మిషను తిప్పుతారు. నీళ్ళు ఎంత కదిలితే మిషను అంత చెడ్డది. నున్నయ్య గ్లాసు పెట్టి స్విచ్చి వేశాడు. నీళ్ళు కదిలితే ఒట్టు!

"ఏంటి బావా, తిరుగుతోందా, నిద్రపోయిందా?" అన్నాడు బామ్మర్ది.

నున్నయ్య ఇనుము మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. ఇంత మంచి వస్తువు తనదవుతుందంటే నమ్మకం కుదరలేదు పాపం.

కంటి డబ్బు మొత్తం పోసినా ఇంకా కాస్త తక్కువైంది. "పాతదాన్ని ఇనుము కింద అమ్మెయ్ బావా, సరిపోద్ది. రెండు లేత్‌లు పెట్టుకోడానికి నీ గదేమన్నా ఫ్యాక్టరీనా?" అన్నాడు బామ్మర్ది. ఆ మాటా నిజమే, గదిలో రెండోదానికి చోటు లేదు. పాత ఇనుము కొట్టాయన మర్నాడే వచ్చి, బెల్టుతో సహా మోసుకుపోయాడు. పెళ్ళాం గడపలో నిలబడి, వెళ్ళిపోతున్న లేత్‌ని చేత్తో తడిమింది.

"మీ నాన్న చెయ్యి పడిందయ్యా దీని మీద."

"నాన్న బతికుంటే నాకంటే ముందు ఆయనే అమ్మేవాడు," అన్నాడు నున్నయ్య. ఆ రోజు అంత హుషారులో ఉన్నాడు మరి.

కొత్త లేత్ మీద మొదటి కర్ర ఎక్కించాడు. జుయ్‌మని సన్నగా ఒకటే మోత. పొడుగు కర్ర కాస్తయినా ఊగకుండా తిరుగుతోంది. ఉలి ఆనించి ఈ చివర నుంచి ఆ చివర దాకా పోనిచ్చి, దించి, పెళ్ళాం ఒళ్ళో పెట్టాడు. ఆమె బొటనవేలు కర్ర మీద నడిచి, ఆగి, మళ్ళీ నడిచి, మళ్ళీ ఆగింది.

"ఏమయ్యా, ఏదో తగులుతోంది."

"నీ వేలికి కాయ కాసింది, అదే తగిలుంటుంది."

కానీ వెలుగులో పెట్టి చూస్తే నిజమే. కర్ర చుట్టూ ఉంగరాల్లా ఉబ్బిన సన్నటి వరసలు, ఒకదాని తర్వాత ఒకటి. ఇంకో కర్ర పట్టాడు. అదే సంగతి. గరుకు కాగితంతో అవి పోయేదాకా రుద్దితే కర్ర నడుం సన్నబడి, చెక్కిన అంచులన్నీ మొద్దుబారాయి. చెక్క పచ్చిగా ఉందన్నాడు. ఉలి పదును సరిగా లేదన్నాడు. నేల పల్లంగా ఉందని లేత్ కాళ్ళ కింద చెక్కలు దోపాడు. చివరికి పక్కింటి పిండిమర వల్ల గది అదురుతోందని కూడా అన్నాడు. ఆ మర మూతపడి ఏడాదయిందని పెళ్ళాం గుర్తు చేసింది.

కాంట్రాక్టరు వచ్చాడు. ఒక కర్ర తీసి దాని మీద గోరు పెట్టి నిలువునా లాగాడు. కర్ర్ర్ మని వినిపించింది.

"ఇది మెట్లకి పెట్టడానికా, వాయించుకోడానికా?" అన్నాడు. "నీ పేరు చూసి చెక్క నీ చేతిలో పెట్టాను నున్నయ్యా. మళ్ళీ వారం వస్తా, అప్పటికి దారిలో పెట్టు."

ఆయన వెళ్ళాక, మోసం చేసి అంటగట్టారంటూ బామ్మర్ది మీద ఇంతెత్తున లేచాడు. బామ్మర్ది మారు మాట్లాడకుండా వంటింట్లోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి లేత్ మీద పెట్టి స్విచ్చి వేశాడు. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. నీళ్ళు కదల్లేదు. అవి కదిలితే బాగుండునని నున్నయ్యకి ఎంత అనిపించిందో! కదిలితే తప్పు మిషనుది అయ్యేది. బామ్మర్ది గ్లాసు ఎత్తి ఆ నీళ్ళు తాగేసి, తలొంచుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడంది పెళ్ళాం, చాలా మెల్లిగా. "అవి ఒక్కలాగే ఉన్నాయయ్యా. వరసకీ వరసకీ మధ్య ఎడం. నా వేలికి తెలుస్తోంది. పాతది టక్కుమన్నప్పుడల్లా నీ చెయ్యి లేచేదిగా..."

"అంటే? నా చెయ్యి వంకరంటావా?"

"వంకరనలేదు. అలవాటంటున్నాను."

"నీకు కళ్ళే కనపడవు, నా చెయ్యి లేస్తే కనపడిందా?" అని అరిచాడు. అరిచాక నాలుక కరుచుకున్నాడు. ఆ మాట అనేవరకూ తన నోరు అంత పాడు నోరని అతనికే తెలీదు. ఆమె లేచి, గోడ పట్టుకుని వచ్చి, అతని వెనక నిలబడింది. రెండు అరచేతులూ అతని కుడి భుజం మీద వేసి గట్టిగా అదిమింది.

"ఇప్పుడు పట్టు," అంది.

అతను స్విచ్చి వేసి ఉలి ఆనించాడు. జుయ్‌మని ఒకటే మోత, ఎక్కడా టక్కు లేదు.

"ఎత్తుతున్నావు."

"లేదే!"

"నా చేతుల కింద లేస్తోందయ్యా. ఇదిగో. మళ్ళీ ఇదిగో."

అతనికి నిజం అర్థమైంది. ఆ పాత లేత్ ఉలిక్కిపడ్డప్పుడల్లా, కర్రకి గాటు పడకుండా అతని చెయ్యి వెంట్రుకవాసి వెనక్కి తగ్గేది. ఆ తగ్గడం వల్లే కర్ర నున్నగా వచ్చేది, ఆ నునుపు వల్లే ఆ పేరు వచ్చింది. ఇప్పుడు ఉలిక్కిపడేది పోయింది, తగ్గే చెయ్యి మిగిలింది. చెయ్యి తగ్గినచోటల్లా వరస.

తగ్గకూడదని పళ్ళు బిగించాడు. చెయ్యి కొయ్యబారిపోయింది. ఉలి కర్రలోకి కసుక్కున దిగింది. తిరుగుతున్న కర్ర ఊడి, పెళ్ళాం చెవి పక్కనుంచి దూసుకుపోయి కిటికీ రెక్కకి కొట్టుకుంది. ఆమె దాన్ని చూడనేలేదు. "ఏమైందయ్యా, ఏం పడింది?" అంటూ అటూ ఇటూ తడుముకుంటోంది. అతను మోటారు ఆపి, చెమటలు కక్కుతూ నేల మీద కూలబడ్డాడు. ఒక్క అంగుళం ఇటు వచ్చుంటే! ఆ ఆలోచన అతన్ని వదల్లేదు.

ఆ తర్వాత కూడా వారమంతా ఒక్కడే తలుపు వేసుకుని ప్రయత్నించాడు. భుజానికి తువ్వాలు బిగించి కట్టుకున్నాడు. పాట పాడుతూ పట్టాడు. లెక్క పెడుతూ పట్టాడు. వేరే ఏదైనా తలుచుకుంటే వరసలు, చెయ్యిని తలుచుకుంటే గాట్లు. ముప్పై ఏళ్ళ కుర్రాడైతే ఆరు నెలల్లో మళ్ళీ నేర్చుకునేవాడేమో. కాంట్రాక్టరు అన్నాళ్ళు ఆగుతాడా? వచ్చి, చూసి, మిగిలిన చెక్కంతా మనుషుల చేత బండిలోకి ఎక్కించాడు. వెళ్తూ వెళ్తూ లేత్ వంక చూసి, "మిషను మాత్రం బంగారం," అన్నాడు. ఆయన తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

కొత్తదాన్ని అమ్మేద్దామంటే, ఆ తర్వాత కూడు పెట్టే లేత్ ఏది? నున్నయ్య చొక్కా తగిలించుకుని పాత ఇనుము కొట్టుకి వెళ్ళాడు. లేత్ ఎప్పుడో ముక్కలైపోయింది. ఇనుమంతా లారీకెక్కిందన్నాడు కొట్టాయన. మూలన పాత అట్టపెట్టెల కట్టకి తోలు బెల్టు చుట్టి ఉంది. నున్నయ్య కట్ట విప్పి, బెల్టంతా తడిమి, అతుకు ఉన్న జానెడు ముక్కని కోయించుకున్నాడు. దానికి డబ్బు పుచ్చుకోలేదు ఆయన. ఆ తోలు ముక్కతో ఏం పనో అడగనూ లేదు.

ఇంటికొచ్చి రబ్బరు బెల్టు విప్పాడు. సూదీ తోలు దారం పట్టుకుని, ఆ అతుకు ముక్కని రబ్బరు మీద కుట్టాడు. అతుకు తగిలినప్పుడల్లా లేత్ తల పాతదానిలా ఉలిక్కిపడేందుకు దాని కింది బోల్టులు వదులు చేశాడు. గ్లాసులో నీళ్ళు కదలనివ్వని మిషను అది. పెళ్ళాం కళ్ళు అమ్మి కొన్న మిషను. తన చేతులతో తనే దాన్ని చెడగొట్టాడు.

స్విచ్చి వేశాడు. టక్.

వంటింట్లో ఆమె చేతిలో గిన్నె ఆగిపోయింది. ఏం జరిగిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ ఊపుకి పొడుగు కర్రలు నిలవవు. మెట్లు పోయాయి, కళ్ళు పోయాయి, ఇక మంచం కోళ్ళే. గిన్నె దించి, చేతులు తుడుచుకుని, గోడ వెంబడి నడుచుకుంటూ వచ్చి తన పీట మీద కూర్చుంది.

అతను ఒక పొట్టి కోడు పట్టి, దించి, ఆమె చేతిలో పెట్టాడు. బొటనవేలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా ఆగకుండా వెళ్ళింది.

"నున్నగా ఉందయ్యా," అంది.

ఆ మాట కోసం ఇన్ని రోజులూ చచ్చి బతికాడు. తీరా విన్నాక అతనికి ఏడుపు ఆగలేదు. ఆమెకి కనపడదు కదా అని మొహం తుడుచుకోలేదు, మోటారు మోతలో వినపడదు కదా అని ఆపుకోలేదు.

ఆమె గరుకు కాగితం మడిచి కోడు మీద పెట్టింది.

"ముక్కు చీదుకుని ఇంకోటి ఎక్కించు," అంది. "మంచానికి నాలుగు కావాలి."