కుర్మన్న గుంజి చూసిన లంగరు

మా కుర్మన్న దేన్నయినా ఒకసారి గుంజి చూడనిదే నమ్మడు. కుర్చీలో కూర్చునే ముందు కుర్చీని గుంజుతాడు. గేటుకు గొళ్లెం పెట్టాక గుంజుతాడు. పెట్టింది నేనైతే రెండుసార్లు గుంజుతాడు. మేడ్చల్‌లో ఒక పెళ్లికి పోయి పందిరి రాట పట్టి లాగితే అది చేతికే వచ్చింది. పీటల మీదున్న ఇద్దరూ తప్ప అందరూ బయటికి పరుగెత్తారు. "నా తప్పేమున్నది? నేను గుంజకుంటే గాలి గుంజేది" అన్నాడు తాపీగా.

శామీర్‌పేట చుట్టుపక్కల బోర్లలో మోటార్లు దించడం, పైకి తీయడం ఆయన పని. మూడుకాళ్ల స్టాండు, చైనుపుల్లీ ఆయనవి, ట్రాక్టరు నాది. ఒక్క బిగింపు వదులైనా మోటారు పాతాళానికి పోతుంది. కాబట్టి పని దగ్గర గుంజి చూడటం ధర్మమే. కానీ ఎవరైనా చెయ్యి కలిపితే ఆ చేతిని కూడా గుంజి చూస్తే ఏమనాలి?

ఆయన మేనకోడలు సుస్మిత హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకుంది. ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి కొచ్చిలో ఒక పాత పడవను బాగుచేసుకుంది. మాల్దీవుల మీదుగా ఆఫ్రికా దాకా పోతారట. ఆ మాట వినగానే వాళ్లమ్మ ఐలమ్మ చేతిలో చేట కింద పడేసింది.

"నీళ్ల మీదనే పండుకుంటరా? నిద్రల పడవ ఎటన్న కొట్టుకపోతే?"

"లంగరేస్తమమ్మా. పోదు."

"గది ఊడితే?"

అప్పుడు కుర్మన్న మధ్యలో నోరు పెట్టాడు. "లంగరు, గొలుసు నేను గుంజి సూస్త. నేను పాసు జేస్తెనే పిల్ల పోవాలె. సరేనా చెల్లె?"

ఐలమ్మ ముఖం వెలిగిపోయింది. తన అన్న పుట్టి బుద్ధెరిగి దేన్నీ సులువుగా పాసు చేయలేదని ఆమెకు తెలుసు. సుస్మిత ముఖం వాడిపోయింది. ఆ పిల్లకూ తెలుసు. శివరాత్రి దాటితే సముద్రం మీద గాలి తిరుగుతుందట. అప్పటికి ఈమె చేరకపోతే స్నేహితురాళ్లు ఇంకొకరిని ఎక్కించుకుని పోతారు.

మొదటి ఆదివారం కుర్మన్న, సుస్మిత, నేను ముగ్గురమే శామీర్‌పేట చెరువుకు పోయాం. చెరువు నీళ్లు వెనక్కి జరిగిన చోట నల్లటి బురద. అందులో లంగరు వేసి, గొలుసు పొడవునా పరిచి, దాని కొస నా ట్రాక్టరుకు కట్టాలి. సుస్మిత తెచ్చిన లంగరు పారలా లోతుగా వంగి ఉంది, వెనుక వంకీ తిరిగిన కమ్మీ ఒకటి. దింపేటప్పుడు నా ట్రాక్టరుకు రాసుకుని కాస్త ఎర్రరంగు కూడా అంటించుకుంది.

"బోర్లబడ్డా గీ కమ్మీ దాన్ని తిప్పుతది మామా. గొలుసు నేల మీద అడ్డం పండుకోవాలె. పైకి గుంజితే లంగరు ఊడుతది, అడ్డం గుంజితే ఇంకింత లోపలికి పోతది."

బతుకంతా బోరులో పైకీ కిందికీ లాగినవాడికి ఈ అడ్డం సంగతి కొత్త. నోరు తెరుచుకుని విన్నాడు. నేను క్లచ్చు వదిలాను. లంగరు బురదలోకి దిగి కనిపించకుండా పోయింది. ట్రాక్టరు గుర్రుమని మూలిగి ఆగిపోయింది. సుస్మిత చప్పట్లు కొట్టింది.

కుర్మన్న తల అడ్డంగా ఊపాడు. "లంగరు పట్టలే. అంజన్న ట్రాక్టరుకే దమ్ము లేదు."

కొన్ననాటి నుంచి నా ట్రాక్టరును ఎవరూ అంత మాట అనలేదు. మర్నాడే తీసుకుపోయి క్లచ్చు ప్లేట్లు మార్పించాను.

తర్వాతి ఆదివారం ఐలమ్మ కూడా సద్దిగిన్నె పట్టుకుని వచ్చింది, అన్న పొరపాటున పాసు చేస్తాడేమోనని కాపలాకు. ఆ రోజు లంగరు నాగలిలాంటిది. కుర్మన్న చూడగానే పెదవి విరిచాడు.

"నాగలున్నదే ముంగటికి పోయేతందుకు. ఆగే నాగలిని ఏడన్న జూసినవా కోడలా?"

"ఇది సముద్రంల ఆగుతది మామా!"

ఆగలేదు. చెరువు ఒడ్డున తిన్నగా చాలు తీసుకుంటూ నా వెనకే వచ్చింది. "ఇగ సజ్జలు సల్లుర్రి" అంది ఐలమ్మ హాయిగా.

అప్పటి నుంచి నాకు ఆదివారం అనేది లేకుండా పోయింది. ఇంటికి పోతే ఒళ్లంతా బురద, నడుములో నొప్పి. "ఆ లంగరేదో నీకే కట్టిస్త, ఇంట్ల పడి ఉంటవ్" అనేది నా భార్య. సుస్మిత స్నేహితులను బతిమాలి ఇంకో రకం తెచ్చేది. కుర్మన్న గుంజేవాడు, వంక పెట్టేవాడు. జీడిమెట్లలో ఒక షెడ్డులో చేయించినదైతే గుంజకముందే వంగింది. దాన్ని ఇప్పుడు మా బర్రెను కట్టేయడానికి వాడుతున్నాం.

రెండు పలకలున్న లంగరు వంతు వచ్చిన రోజున కుర్మన్న మోకాలి లోతు బురదలో నిలబడి కేకేశాడు. "చెల్లె, నేను దిగబడ్డ. నువ్వు గొలుసు మీద చెయ్యి పెట్టు. వణికితే చెప్పు."

"నేనేంది, నాకేం తెల్సు!" అంటూనే ఐలమ్మ చెయ్యి పెట్టింది. నేను ట్రాక్టరును పక్కకు తిప్పి లాగాను. "అన్నా, అన్నా! కంకర మీద బండి వోయినట్టు కొట్టుకుంటాంది!"

"అంటే జారుతాంది."

"నేనే చెప్పిన!" అని మురిసిపోయింది. అంతలో తాను ఎవరి పక్షమో గుర్తొచ్చి మూతి ముడుచుకుంది.

ఇంకో వారం గొలుసును ఒడ్డు పొడవునా చాచి పరిచామో లేదో, కారు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. తూంకుంటలో ప్లాట్లు అమ్మే సుధాకర్ దిగాడు. చెరువు ఒడ్డున గొలుసు లాగుతున్నారంటే ఎవరో హద్దులు కొలుస్తున్నారనే కదా అతని భయం.

"ఏ ఆఫీసు సార్ మీది? మా ప్లాట్లన్నీ చెరువుకు అవుతలనే ఉన్నయి. రాళ్లు సుత బాతినం!"

"సముద్రం ఆఫీసు" అన్నాడు కుర్మన్న. ఊరికే ఉండొచ్చు కదా? పక్కనే ఉన్న హద్దురాయిని పట్టి గుంజాడు. అది ముల్లంగి గడ్డలా చేతికి వచ్చింది. "ఇది జారుతాంది సేటూ" అని అతని చేతిలో పెట్టాడు. సుధాకర్ రాయిని కారులో వేసుకుని పోయాడు.

గొలుసు దగ్గర మళ్లీ పంచాయితీ. కుర్మన్నకు లావుది కావాలి.

"మూతికాడ గంత బరువైతే పడవ అలల్ల ముక్కు ముంచుతది మామా."

"సన్నదే మంచిది" అని మధ్యలో ఐలమ్మ. "కాకుంటే గట్టి ఉక్కుదుండాలె. పొడుగు మస్తుండాలె. అడ్డం పండుకోవద్దా మరి? తాడు ఒద్దు, సముద్రంల రాళ్లు కోస్తయట."

నేనూ సుస్మితా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కుర్మన్న మాత్రం గొలుసును గుంజుతూ ఉండిపోయాడు.

శివరాత్రి ముందు ఆదివారం. కీసర జాతరకు పోయే బండ్లు రోడ్డు మీద బారులు కట్టాయి. సుస్మిత గట్టున కూర్చుంది. ఫోనులో స్నేహితురాళ్లు వస్తావా రావా తేల్చమంటున్నారు. కుర్మన్న గోనెసంచిలో చుట్టిన లంగరును బురదలో దింపి సంచి లాగేశాడు. సుస్మిత చూసి ఏదో అనబోయి, మామ మొహం చూసి నోరు మూసుకుంది.

అడగకముందే ఐలమ్మ గొలుసు మీద చెయ్యి వేసింది. నేను కొత్త క్లచ్చు బలమంతా పెట్టి లాగాను. వెనక చక్రాలు గుంటలు తవ్వుకున్నాయి, ముందు చక్రాలు గాలిలోకి లేచాయి. నేను దేవుణ్ని తలుచుకున్నాను. గొలుసు కదలలేదు.

"వణుకుడు లేదన్నా! బండకు కట్టినట్టున్నది!"

కుర్మన్న గొలుసు పట్టి గుంజాడు, ఆలోచించాడు, మళ్లీ గుంజాడు. "ఏమో చెల్లె. శివరాత్రి కానీ. ఇంకోటి తెప్పిచ్చి సూద్దాం."

ఐలమ్మ చెంగు నడుముకు దోపింది.

"ఇంకేం జూస్తవ్? గొలుసు మీద చెయ్యి పెట్టి చెప్తున్న గదా, పట్టింది! ఎన్ని వారాలు సతాయిస్తవ్ పిల్లను? నీకు పాసు జేసుడు రాదు, ఒకరిని చెయ్యనియ్యవు. నేనే పాసు జేస్తున్న! పోనియ్ దాన్ని, జల్దీ పోనియ్!"

అనేశాక తన మాట తనకే వినిపించి ఆగిపోయింది. అప్పటికే సుస్మిత బురదలో పరుగెత్తుకొచ్చి ఆమె మెడకు వేలాడుతోంది.

"నువ్వే అంటుంటె ఇగ నేనేమంట చెల్లె" అని కుర్మన్న గట్టు మీద చతికిలబడ్డాడు. ఆ గట్టును ఆయన గుంజి చూడలేదు. అంత అలసిపోయాడు.

లంగరును తవ్వి తీసి కడుగుతుంటే దాని కాడ మీద ఎర్రరంగు కనిపించింది. నా ట్రాక్టరు రంగు నాకు తెలియదా?

"కుర్మన్నా, ఇది మొదటి ఆదివారం లంగరే గదనే!"

"లొల్లి జెయ్యకు."

"గప్పుడే పట్టింది గదా? మరి నా ట్రాక్టరును గన్ని మాటలెందుకంటివి?"

"గప్పుడు మా చెల్లె రాలే గదా. నేను పాసు జేస్తె అది ఇంట్ల కూసోని దినాం ఏడుస్తుండె. ఇప్పుడు దాని చెయ్యే జూసింది" అన్నాడు. ఆ తర్వాత కాస్త సిగ్గుపడి, "నీ ట్రాక్టరు మంచిదే" అని కలిపాడు.

సుస్మిత బయలుదేరిన రోజు లంగరూ గొలుసూ ముందే లారీలో పోయాయి. పిల్ల ఆటో ఎక్కింది. కుర్మన్న అలవాటుకొద్దీ ఆమె సంచి పట్టీ మీద చెయ్యి వేశాడు. ఐలమ్మ ఆ చేతిని చటుక్కున కొట్టింది.

"జరుగు. నీకు రాదు."

తనే పట్టీ పట్టుకుని గట్టిగా గుంజింది. తర్వాత ఆటో పక్క కమ్మీ గుంజింది. ఆటో కదులుతుంటే నా వైపు తిరిగి, "అంజన్నా, వెనకచక్రం జూసినవా?" అంది.