మూడు ముక్కల వంతెన

ప్రభుత్వమూ, షావుకారూ, ప్రజలూ చేయీ చేయీ కలిపి కట్టిన వంతెన అని మా వంతెనకు పెద్ద పేరు. ఆ మాట ఎక్కడ విన్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను సంగం నుంచి ఆ ఊరికి కోడలిగా వచ్చాను. ఊరు బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ మధ్య ఇసుక నేల మీద ఉండేది. ఆస్పత్రి, బడి, గూడూరు వెళ్ళే బస్సు అన్నీ కాలువకు అవతలే. దాటడానికి ఉన్నది ఒకే పడవ. పడవవాడు అవతల అన్నానికి కూర్చుంటే, ఇవతల ప్రాణం పోతున్నా కేకలు వేయడం తప్ప చేయగలిగింది లేదు. మా ఆయన అక్క తొలికాన్పు నొప్పులతో ఆ గట్టు మీదే పోయింది. అందుకే వంతెన అనగానే ఊరు ఊరంతా కదిలింది.

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. బ్లాకు అధికారి జీపు అవతల ఆపి, పడవలో వచ్చి, మా చర్చి ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఖర్చంతా సర్కారే భరించదని, ప్రజలూ ధనవంతులూ తలా ఒక చేయి వేస్తేనే అభివృద్ధి అని చెప్పాడు. ధనవంతుడు ఆయన పక్కనే ఉన్నాడు. కాలువ పొడవునా ఉప్పు మడులూ, ఉప్పు మోసే పడవలూ ఉన్న షావుకారు.

పని ఎలా పంచుకోవాలన్నప్పుడు మా వాళ్ళు తమకు తెలిసిన పద్ధతే చెప్పారు. ఏటా వానలకు ముందు ఊరి మురుగు కాలువ పూడిక తీసేటప్పుడు ఇంటికొక ముక్క కొలిచి ఇచ్చేవారు. ఎవరి ముక్క వాళ్ళు తవ్వేవారు, నీళ్ళు మాత్రం అందరివీ పోయేవి. నేను తవ్వినంత మేరా నాదేనని ఎవరూ అనలేదు. అలా అనవచ్చునన్న ఊహే మా ఊళ్ళో ఎవరికీ రాలేదు. వంతెననూ అలాగే పంచారు. అవతలి ముక్క సర్కారుది, నడిమి ముక్క షావుకారుది, ఇవతలి ముక్క మాది. అధికారి ముచ్చటపడ్డాడు. షావుకారు ఇంకా ముచ్చటపడ్డాడు. ఎందుకో మాకు తర్వాత తెలిసింది.

మా మగవాళ్ళు తాటిచెట్లు కొట్టి, నిలువునా చీల్చి, దూలాలు పక్కపక్కన పరిచారు. ఆడవాళ్ళం గట్టుకు మట్టి మోశాం. అవతలి ముక్క సర్కారు కట్టించింది. షావుకారు నడుమ గుంజలు పాతించి, వాటి మీద టేకు పలకలు వేయించాడు. దండలు పడ్డాయి, ఫొటో తీశారు. ఇక తన అవసరం లేదని పడవవాడు వేరే రేవు చూసుకున్నాడు.

ఆ తర్వాత షావుకారు కావలివాడు నడిమి పలకలు ఎత్తించడం మొదలుపెట్టాడు. ఉప్పు పడవల తెరచాప కొయ్యలు తగులుతాయట. మొదట్లో పడవ దాటగానే మళ్ళీ వేసేవారు. కొన్నాళ్ళకు సాయంత్రం వేసేవారు. చివరికి, ఉప్పంతా తరలేదాకా వేసేదే లేదన్నారు. అడగబోయిన మా ఆయనతో షావుకారు నవ్వుతూ అన్నాడట, "నా ముక్క నేను తీసుకున్నా. మీ ముక్క ముట్టుకున్నానా?" ఎంత పొగరు! ఇంతకు ముందు పడవైనా ఉండేది, అదీ లేకుండా చేశారు. బ్లాకు ఆఫీసుకు మా వాళ్ళు కాళ్ళరిగేలా తిరిగారు. చూద్దాం, చేద్దాం అన్నారే తప్ప ఒక్కడూ రాలేదు.

నాకు నొప్పులు వచ్చింది మిట్టమధ్యాహ్నం. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. నులకమంచం మీద పడుకోబెట్టి నన్ను వంతెన దాకా మోసుకొచ్చారు. నడుమ ఖాళీ. పలకలన్నీ అవతలి గట్టున పేర్చి ఉన్నాయి. కావలివాడు అక్కడి నుంచే చేతులు జోడించాడు. "అయ్య చెప్పకుండా పలక ఏసినానంటే నా కూడు పోతాది సామీ!" ఆ అయ్య నెల్లూరులో ఉన్నాడు.

మా అత్త అరిచింది. "ఏందిరా చూస్తా నిలబడినారు? మన దూలాలు పెరకండి!"

మా ముక్కలోంచి మూడు దూలాలు ఊడబెరికి, ముందుకు నెట్టి, నడిమి గుంజల మీద పరిచారు. మంచం ఊగుతుంటే, సందుల్లోంచి నీళ్ళు కనబడుతుంటే, ఆ షావుకారుని నేను నోటికొచ్చినట్టు తిట్టాను. వాటిలో ఒక్క తిట్టూ ఈనాటికీ వెనక్కి తీసుకోలేదు. ఆస్పత్రిలో కడుపు కోసి మా అమ్మాయిని తీశారు. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరం దక్కేవాళ్ళం కాదని డాక్టరమ్మ చెప్పింది.

నేను బిడ్డతో ఇల్లు చేరేసరికి దూలాలు నడుమనే ఉన్నాయి, ఉప్పు పడవలు ఆగిపోయి ఉన్నాయి. మనుషులు దాటలేకపోతే కదలని జీపు, ఉప్పు దాటలేకపోయేసరికి పరుగున వచ్చి అవతలి గట్టున ఆగింది. అధికారి వంతెన దాటి వచ్చి, ప్రజల ఆస్తిని పాడుచేశారని మా వాళ్ళను నిలబెట్టి కడిగేశాడు. మేం కదిపింది ప్రజల ఆస్తి అట! షావుకారు ఎత్తి పెట్టుకున్నది మాత్రం ఆయన సొంత ఆస్తి అట! ఇదెక్కడి న్యాయం?

మా అత్త పసిబిడ్డను ఎత్తుకుని ఆయన ఎదుట నిలబడింది. "ఆయన వాటా ఆయన ఎత్తుకోని పొయినాడు. మా వాటా మేము ఈ బిడ్డ కోసరం పరిచినాము. తప్పెవురిదో మీరే చెప్పండయ్యా."

ఆయన బిడ్డ వైపు చూడనైనా లేదు. సాయంత్రంలోగా నడుమ ఉన్న దూలాలు తీసేయకపోతే కేసు పెడతానన్నాడు. ఆ మాట చెప్పి, ప్యాంటు తడవకుండా, బూట్లు జారకుండా ఇద్దరు బంట్రోతుల భుజాలు పట్టుకుని, ఆ దూలాల మీదుగానే నడిచి వెళ్ళి జీపెక్కాడు.