రెండు పూటల మేత

ఈరోజు మా అక్క పెంచుతున్న పట్టుపురుగులకు రెండు పూటల మేత ఒకేసారి వేసేశాను. పైగా, విడివిడిగా వేశానని అబద్ధం చెప్పాను.

నాది మదనపల్లెలో గుమాస్తా ఉద్యోగం. వారమంతా కాగితాలు బల్ల మీద పేరుకోనిచ్చి, శనివారం కూర్చుని ఒక్క ఊపులో ముగించేస్తాను. అయినా ఎవరు పలకరించినా పని ఎక్కువైందనే చెబుతాను. అక్కతోనూ అదే చెప్పి, రమ్మన్నప్పుడల్లా తప్పించుకున్నాను. ఆమెది పుంగనూరు దాటాక ఒక పల్లె. బావ కుప్పంలో రాళ్లకు పాలిష్ పట్టే చోట షిఫ్టుల్లో పనిచేస్తాడు. ఆదివారం ఇంటికొస్తే మల్బరీ తోటకు నీళ్లు కట్టడంతోనే సరిపోతుంది. మిగతా రోజులు పురుగుల షెడ్డు భారమంతా అక్కదే.

పురుగులు గూడు కట్టబోయే ముందు విపరీతంగా తినే రోజులివి. రాత్రీ పగలూ మేత అందాలి. ఈ వారం తేడా వస్తే పంట పోయినట్టే. సాయానికి వచ్చే ఆమెకు ఒంట్లో బాగాలేదని అక్క ఫోన్ చేస్తే, సెలవు పెట్టి పొద్దున్నే వెళ్లాను. మధ్యాహ్నానికి అక్కకు నిలబడి ఉండగానే కళ్లు మూతలు పడుతున్నాయి.

"ఇప్పుడొక తూరి పల్సగా కొమ్మలు పరువురా. అవి తినేసినాక ఇంకో తూరి. నేను రవ్వంతసేపు పండుకుంటాను."

"దీంట్లో ఏముండాదిక్కా, ఆకు వేసేదే కదా! నువ్వు పో" అన్నాను.

కోసిపెట్టిన కొమ్మలన్నీ అరల మీద గుట్టగా వేసి, బయట నీడలో ఫోన్ చూస్తూ కూర్చున్నాను.

అక్క లేచి వచ్చింది. "రెండోతూరి వేసినావా?"

"వేసినాను."

లోపలికి వెళ్లి చూసింది. పై ఆకు వాడిపోయింది. అడుగున చెమ్మ పట్టి వేడెక్కింది. ఆ బరువు కింద పురుగులు పైకి రాలేక చిక్కుకుపోయాయి.

"ఇవి మీ ఆఫీసు కాగితాలనుకొంటివా, శనివారం దాకా ఓర్సుకునేదానికి?"

కొమ్మలు తీయబోయి, నడుము పట్టుకుని గోడకు ఆనుకుంది. ఆమె వైపు చూడలేకపోయాను.

"ఒకేతూరి వేసేసినానక్కా. అబద్ధం చెప్పినాను."

"తెలుస్తానే ఉండాదిలే. ముందు అవిట్ని బయటికి తియ్యి."

ఆమెను కూర్చోబెట్టి, ఒక్కో కొమ్మా ఎత్తి, బతికున్న పురుగులను ఏరి పొడి అరలోకి మార్చాను. చచ్చినవాటిని వేరుగా తీశాను. ఒక అరలో సగం పోయాయి. తోట నుంచి తాజా కొమ్మలు తెచ్చి, ఈసారి ఆమె చెప్పినట్టే పల్చగా పరిచాను. తర్వాత బావకు నేనే ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

మిషన్ల చప్పుడు మధ్య నుంచి, "మీ అక్క పండుకునిందా?" అని అడిగాడు.

"ఆయమ్మ పండుకున్నప్పుడే ఇట్లయింది బావా."

"అయితే ఎందుకు పండుకుంటినా అని తన్ను తానే తిట్టుకుంటా ఉంటాది. నువ్వు ఆడనే ఉండప్పా."

మా అధికారికి ఫోన్ చేసి, పురుగులు గూడు కట్టేదాకా సెలవు అడిగాను. నీకు పని ఎక్కువగా ఉంది కదా అన్నాడాయన. అంత పనేమీ లేదు, నేనే పెద్దగా చెప్పుకున్నానని ఒప్పుకున్నాను.

అక్కను ఇంట్లోకి పంపేశాను. తర్వాతి మేతకు కొమ్మలు కోయడానికి కొడవలి తీసుకుని తోటలోకి నడిచాను.