నీటిమొక్కల శాంతక్క

నిన్న ఉదయం షిఫ్ట్ ముగించుకుని ఆఫీస్ క్యాబ్‌లో కూర్చున్నాను. డేవిడ్ అన్న ఫోన్ చేశారు.

"స్వప్నా, శాంత ఇక లేదమ్మా" అన్నారు.

ఏ శాంత అని అడిగాను.

నిజంగానే అడిగాను. ఆమె భర్తే ఫోన్ చేసి చెబుతున్నా, అది మా శాంతక్క గురించేనని నా బుర్రకు ఎక్కలేదు.

ఆ రాత్రి అక్కకు వీక్లీ ఆఫ్, ఇంట్లోనే ఉంది. తెల్లవారుజామున చెమటలు పట్టాయట. ఆసుపత్రికి తీసుకెళ్తుండగా దారిలోనే అయిపోయింది. గుండె అన్నారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. శాంతక్క కోకాపేట సాఫ్ట్‌వేర్ ఆఫీస్‌లో మా టీమ్ లీడ్. సొంతూరు ఏలూరు దగ్గర. డేవిడ్ అన్న స్కూల్లో లెక్కల టీచర్. ఒక్కతే కూతురు, గ్రేస్, తొమ్మిదో తరగతి. ఇల్లు మదీనాగూడలో. నేను కరీంనగర్ నుంచి వచ్చి టీమ్‌లో చేరిన కొత్తలో ఆమెను మేడమ్ అన్నాను. పలకలేదు. అక్కా అంటేనే తల తిప్పింది.

మా ఫ్లోర్‌లో కెఫెటేరియా పక్కన ఒక పెద్ద అక్వేరియం ఉంది. ఎవరో క్లయింట్ వస్తున్నారని పెట్టించారు. నిజం మొక్కలే, కానీ కొద్ది రోజులకే ఆకుల మీద జుట్టులా నాచు పట్టింది. అద్దం పచ్చబడి చేపలు కూడా కనిపించేవి కావు. తీసేసి ప్లాస్టిక్ మొక్కలు పెడదామని ఆఫీస్ బాగోగులు చూసే ఫెసిలిటీ వాళ్ళు అనుకుంటున్నారని తెలిసి, అక్క వాళ్ళ దగ్గరికే వెళ్ళింది. నేను పక్కనే ఉన్నాను.

మా ఫ్లోర్ నిద్రపోదు కాబట్టి ఆ ట్యాంక్ లైట్ కూడా ఎప్పుడూ ఆరదు. జబ్బు అదేనంది అక్క.

"ఇరవై నాలుగ్గంటలూ వెలుతురు కొడితే నాచే బతుకుద్దండి, మొక్క బతకదు. దానిక్కూడా కాస్త చీకటి కావాలిగా."

చీకటిగ ఉంటే పైవాళ్ళు మమ్మల్ని అడుగుతరు మేడమ్ అని ఫెసిలిటీ అతను పరేషాన్ అయ్యాడు. నా పేరు చెప్పండి అంది. తనే ఒక టైమర్ ప్లగ్ తెచ్చి పెట్టింది.

ఆ తర్వాత బ్రేక్ దొరికినప్పుడల్లా మోచేతుల దాకా నీళ్ళలోనే. కుళ్ళిన ఆకులు ఒక్కొక్కటే కత్తిరించి తీసేసేది, వదిలేస్తే నీళ్ళన్నీ పాడవుతాయని. ఒక మొక్క అడుగుకాండాన్ని ఎవరో ఇసుకలో పూర్తిగా పూడ్చేశారు. దాన్ని బయటికి తీసి, నల్లదారంతో రాయికి కట్టడం నాకు నేర్పింది. పూడిస్తే కుళ్ళిపోద్ది, రాయిని పట్టుకోనిస్తే బతుకుద్ది అని చెప్పింది.

బతికింది. ఇప్పుడు ఆ ట్యాంక్ ముందు నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు అందరూ.

ఒకసారి వాళ్ళింట్లో భోజనానికి పిలిచింది. అక్కడా హాల్లో పెద్ద ట్యాంక్, ఆఫీస్‌దానికంటే చిక్కగా మొక్కలు. అన్నం వడ్డిస్తూ డేవిడ్ అన్న చెప్పిన మాట నాకు నిన్నటి నుంచి వినపడుతూనే ఉంది.

"మొక్కలకిప్పించిన చీకటి నువ్వు కూడా తీసుకో శాంతా."

అక్క నవ్వేసింది. మాకందరికీ షిఫ్ట్‌లు మారుతుంటాయి. లీడ్ కాబట్టి ఆమెకు ఎప్పుడూ నైటే. డే షిఫ్ట్ అడగకపోలేదు. అడిగింది. ఈ రిలీజ్ అయ్యాక చూద్దాం అన్నారు. ఒక రిలీజ్ తర్వాత ఇంకో రిలీజ్ వచ్చింది.

పోయిన వారం ఎడమ భుజం నొప్పి అంది. బాత్రూమ్ నుంచి హాల్లోకి బకెట్లు మోసి ట్యాంక్ నీళ్ళు మార్చాను, పట్టేసింది అంది. నొప్పి దవడ దాకా లాగుతోందని కూడా చెప్పింది.

"అక్కా, గిది బకెట్ల నొప్పి కాదేమో. జర దవాఖానకు పోయి సూపించుకోరాదు."

"శనివారం వెళ్తాలేవే."

డేవిడ్ అన్న కూడా పోరుపెట్టారట. శనివారం టీమ్‌లో ఒకరికి జ్వరం వచ్చింది. ఆ షిఫ్ట్ కూడా అక్కే చేసింది.

షిఫ్ట్‌ల వల్లే పోయిందని నేను అనలేను. డాక్టర్ అలా చెప్పలేదు. కానీ కాదని కూడా ఎవరూ చెప్పలేకపోతున్నారు నాకు.

నిన్న ఆఫీస్ గ్రూప్‌లో వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాటి కిందే ఒక మెసేజ్, ఈరోజు శాంత ప్లేస్‌లో కవరేజ్ ఎవరు అని. రాసినవాడు చెడ్డవాడు కాదు. సిస్టమ్‌ను ఎవరో ఒకరు చూడాలి కదా. చెడ్డవాడైతే తిట్టుకునైనా ఉండేదాన్ని.

ఈరోజు మధ్యాహ్నం భూస్థాపన.

అంతకుముందు ఇంట్లో ప్రార్థన జరిగింది. హాల్ చిన్నది. పెట్టె పెట్టడానికి ట్యాంక్ తీసేద్దామని ఎవరో అన్నారు. నీళ్ళతో ఉన్నది కదలదు. చివరికి దాని పక్కనే అక్కను పడుకోబెట్టారు.

పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టారు. ఫిల్టర్ చప్పుడుకు వినపడటం లేదని ఒక పెద్దావిడ ప్లగ్ తీసేశారు. ట్యాంక్‌లో బుడగలు ఆగిపోయాయి.

గ్రేస్ అప్పటిదాకా వాళ్ళ నాన్న చెయ్యి వదల్లేదు. వదిలేసి, మనుషుల మధ్య నుంచి వంగి వెళ్ళి, నేల మీద కూర్చుని ప్లగ్ మళ్ళీ పెట్టింది.

"మా అమ్మ దీన్ని ఆపనిచ్చేది కాదు" అంది, ఎవరి వైపూ చూడకుండా.

ఆ పిల్ల లేచి వాళ్ళ నాన్న పక్కకు వచ్చేదాకా పాస్టర్ గారు ఆగారు. తర్వాత కాస్త గొంతు పెంచి మిగతా ప్రార్థన చేశారు.

వెళ్ళిరా శాంతక్కా.

ప్రభువు నీకు నెమ్మదినివ్వాలి. డేవిడ్ అన్ననూ, గ్రేస్‌నూ ఆయనే పట్టుకోవాలి.